చావు కాయితం లేదు, విడాకుల కాయితం లేదు

ఆ ఫారం నేను యాభై రూపాయలు పెట్టి కొన్న. పోచమ్మ మైదాన్ దిక్కు ఒక జిరాక్స్ షాపుల కట్టలు కట్టలుగా పెట్టి అమ్ముతున్నరు. వారం రోజుల సంది అందరి వాట్సాప్‌ల ఒకటే మెసేజ్: తండ్రి లేని ప్రతి పిల్లకు గవర్నమెంటు నెలకు 4000 ఇస్తది, ఆఖరు తారీఖు దగ్గరికొచ్చింది, తొందరపడున్రి అని. ఆఖరు తారీఖు ఉత్తదే. ప్రతి పిల్లకు ఇస్తరన్నది కూడా ఉత్తదే. పథకం ఒక్కటే నిజం. ఫారం పైసలు లేకుండనే ఇస్తరన్న సంగతి నాకు తర్వాత తెలిసింది.

2024 ఫిబ్రవరి ముచ్చట ఇది. ఇప్పుడు మా వాడల ఎవరన్న అడిగితే కూసోబెట్టి చెప్తున్న. ప్రతిసారి చెప్పుడు కన్న ఒక్కసారి రాసి పెట్టుడు నయమనిపించింది.

మాది వరంగల్ల కొత్తవాడ. మా మామ ఉన్నన్ని రోజులు జంపఖానాలు నేసిండు. అత్తమ్మ కండెలు చుట్టేది. నా భర్త మగ్గం గుంతల కాలు పెట్టలే, పవర్‌లూమ్ పనికని మహారాష్ట్రల భివండి పోయిండు. మా వాడల అదేం కొత్త కాదు, భివండికో సూరత్‌కో పోయినోళ్ళు చానా మందే. మొదట నెలకోసారి ఫోన్‌పే చేసేటోడు. తర్వాత రెండు నెలలకోసారి. 2021 దసరా అయినంక నంబరే మారింది. అక్కడ ఇంకో సంసారం పెట్టిండని పండుగకొచ్చిన మనోళ్ళే చెప్పిన్రు. అప్పటికి బిడ్డకు ఆరేండ్లు, కొడుకుకు మూడు.

నేను డిగ్రీ రెండో సంవత్సరంల ఆపేసిన. ఎండాకాలం ఎనుమాముల మార్కెట్ దిక్కు మిర్చి తొడిమెలు తీసే పనికి పోత. మిగతా రోజులు ఇంట్లనే ఫాల్స్, పీకో, జాకెట్లు. ఆ ఫిబ్రవరిల నా మనసుల నడిచింది ఏందంటే, బిడ్డను ఏదన్న హాస్టల్ల ఏస్తే ఒక కడుపు తగ్గుతది కదా అని. ఫారం కొన్నది ఆ మాట ఇంట్ల ఎవరికీ చెప్పకముందు.

ఆ ఫారం చూసి మా గల్లీ అంగన్‌వాడీ టీచర్ నవ్వింది. "ఇదేం ఫారమక్కా, దీని మీద ఆఫీసు పేరే లేదు" అన్నది. అసలు పేరు ఆమె నోటనే విన్న. మిషన్ వాత్సల్య కింద స్పాన్సర్‌షిప్. సెంటర్, రాష్ట్రం కలిసి ఇస్తయి. అంతకు ముందు ఇదే పథకంల నెలకు 2000 ఉండేది, 2022ల కొత్త నిబంధనలు వచ్చినంక పిల్లకు 4000 అయ్యింది. పద్దెనిమిది ఏండ్లు నిండేదాంక ఇయ్యొచ్చు. టౌన్ల ఉండేటోళ్ళకు ఇంటి ఆదాయం ఏడాదికి 96,000 దాటొద్దు, పల్లెల్ల అయితే 72,000. చూసేది జిల్లా బాలల పరిరక్షణ విభాగం. "తొవ్వ తెల్వకపోతే 1098కి కొట్టు, పైసలు పడవు" అన్నది. పిల్లలను ఎవరన్న కొడితే చేసే నంబరే కదా అది అనుకున్న, పథకాల కోసం కూడా చెయ్యొచ్చని అప్పటిదాంక తెల్వదు.

చెప్పింది చెప్పినట్టు చెయ్యక ముందుగాల హనుమకొండకే పోయిన. కలెక్టర్ ఆఫీసంటే సుబేదారి అని చిన్నప్పటి సంది తెలుసు కదా. బస్సు జీరో టికెట్. ఇక్కడ ఒక మాట చెప్పాలె. 2023 డిసెంబరుల ఆడోళ్ళకు బస్సు ఫ్రీ కాకుంటే, ఈ పని నేను సగంల వదిలేద్దు. పదకొండు సార్లు తిరిగిన. రానుపోను చార్జీలు, దాని మీద పోయిన కూలి అంటే మనసు ఎప్పుడో ఇరిగిపోవు.

సుబేదారిల నా ఆధార్ చూసిన్రు. దాంట్ల వరంగల్ అర్బన్ అని ఉన్నది. ఆ జిల్లానే ఇప్పుడు లేదు. 2021ల పేర్లు మార్చిన్రు, అర్బన్ పోయి హనుమకొండ అయ్యింది, రూరల్ పోయి వరంగల్ అయ్యింది, వరంగల్, ఖిలా వరంగల్ మండలాలు ఇటు నుంచి అటు వచ్చినయి. ఇల్లు జరగలే, మగ్గం జరగలే, జిల్లా జరిగింది. "మీ కొత్తవాడ వరంగల్ జిల్లా కిందికి వస్తదమ్మా, మీ ఆఫీసు వేరే" అని మంచిగనే చెప్పి పంపిన్రు. ఒక దినం పోయింది. మున్సిపాలిటీ ఒక్కటే, బస్సు ఒక్కటే, జిల్లాలు రెండు. మీరు దరఖాస్తు పెట్టేముందు ముందుగాల మీ మండలం ఏ జిల్లాల ఉన్నదో చూసుకోన్రి. 1098కి ఫోన్ చేస్తే అదే చెప్తరు, నేను చేసినంక చెప్పిన్రు.

అసలు ఆఫీసుల ఒక మేడం నా యాభై రూపాయల ఫారం పక్కకు పెట్టి ఊకెనే ఇంకో ఫారం ఇచ్చింది. ఏమేం కావాల్నో దాని వెనుకనే రాసిచ్చింది: పిల్లల ఆధార్, నా ఆధార్, పుట్టిన సర్టిఫికెట్, బడి బోనఫైడ్, ఆదాయం సర్టిఫికెట్, రేషన్ కార్డు, బ్యాంకు పాస్‌బుక్కు, ఫొటోలు. నేను వేలు మీద లెక్క పెట్టుకుంట వస్తున్న, అన్నీ తేవచ్చు అనుకుంటున్న. అప్పుడు ఆఖరుది అడిగింది.

"డెత్ సర్టిఫికెట్ ఉన్నదా?"

"లేదు మేడం, చచ్చిపోలే."

"విడాకులు అయినయా?"

"కాలే."

"మరి ఏడున్నడు?"

"భివండిల."

ఆమె పెన్ను కింద పెట్టింది. విసుక్కోలే, అది మాత్రం చెప్పాలె. నెమ్మదిగ సమజ్ చేయించింది. తల్లిదండ్రులు ఇద్దరూ లేక చుట్టాల కాడ పెరిగే పిల్లలు, తల్లికో తండ్రికో పెద్ద రోగమొచ్చిన ఇండ్లు, కాలుచెయ్యి పడిపోయి పని చేసుకోలేని ఇండ్లు, ఇవన్నీ వస్తయి. తల్లి ఒక్కతే ఉన్న ఇండ్లల్ల భర్త పోయినోళ్ళు, విడాకులైనోళ్ళు, వదిలేసినోళ్ళు, ముగ్గురూ వస్తరు. "రాతల నువ్వు కూడా ఉన్నవమ్మా. కానీ మొదటోళ్ళకు మున్సిపాలిటీ కాయితమిస్తది, రెండోళ్ళకు కోర్టు కాయితమిస్తది. నీకు ఎవరిస్తరో అది నువ్వే తెచ్చుకోవాలె."

బయటికొచ్చి మెట్ల మీద కూసున్న. పోయిన మనిషికి కాయితం ఉంటది. ఉన్న మనిషికీ ఉంటది. ఉండి లేనోడికే ఉండదు.

ఠాణాకు పోతే ఏడున్నడో తెలిసినోడు మిస్సింగ్ ఎట్లయితడు అన్నరు. తప్పు కూడా కాదు ఆ మాట. 2017ల ఒంటరి మహిళ పింఛను వచ్చినప్పటి సంది మా వెనుక గల్లీ వదినె తీసుకుంటున్నది. నేనూ ఆ పింఛను పెట్టుకొని ఉంటే ఇప్పుడు అదే కాయితం అక్కరకొస్తుండె. ఒకసారి పెడ్తనంటే అత్తమ్మ పడనియ్యలే. "మొగడుండంగ ఒంటరిదానివెట్లయితవ్?" అన్నది.

ఇంతల ఆదాయం సర్టిఫికెట్ తిప్పలు. మీసేవల పెట్టిన. రసీదు మీద ఒక లెక్క, ఆ పిలగాడు చేతికి అడిగింది ఇంకో లెక్క. ఎంక్వైరీకొచ్చిన సారు భర్త ఏం చేస్తడని అడిగితే, అబద్ధం చెప్పుడెందుకని భివండిల పవర్‌లూమ్ నడుపుతడని చెప్పిన. వారానికి సర్టిఫికెట్ వచ్చింది, ఒక లక్షా యాభై వేలని. ఇంటికి రూపాయి పంపని మనిషి సంపాదన నా కాయితంల కలిసింది! రేషన్ కార్డుల కూడా ఆయన పేరు అట్లనే ఉన్నది. బియ్యం నలుగురివి కాదు, ఐదుగురివి వస్తున్నయి కదా అని నేనూ తీసేయించలే. ఆ ఆరు కిలోలే ఇప్పుడు నాకు ఎదురు సాక్ష్యమయినయి.

తొవ్వ చూపింది న్యాయ సేవాధికార సంస్థల వకీలమ్మ. ఆడోళ్ళకు ఆదాయంతోటి సంబంధం లేకుండ వకీలును ఊకెనే ఇస్తరు, 1987 చట్టంలనే ఉన్నది. ఫోన్ నంబరు 15100. ఆమె రెండు సంగతులు ఇడమరిచి చెప్పింది. భరణం వేరే, ఇది వేరే. భరణం కేసు మొగని మీద ఏసేది, అప్పుడది 125 సెక్షను, 2024 జూలై నుంచి కొత్త చట్టంల 144 అయ్యింది. స్పాన్సర్‌షిప్ పిల్లలకు సర్కారు ఇచ్చేది. కేసు ఏసినా ఏయకున్నా దీనికి దరఖాస్తు పెట్టుకోవచ్చు. ఇక వదిలేసిండని చూపడానికి మూడు చేయించింది. నోటరీ మీద నా అఫిడవిట్, కార్పొరేటర్ లెటర్, ఇరుగుపొరుగు ఐదుగురి సంతకాలతోటి పంచనామా. "ఐదుగురిల ఆయన తరఫు మనిషి ఒకరుంటే ఎవరూ కాదనలేరు" అన్నది.

ఆయన తరఫు మనిషంటే మా ఇంట్లనే ఉన్నది.

ఆ రాత్రి అత్తమ్మకు అన్నం పెట్టి చెప్పిన. ముద్ద చేతులనే ఆగింది.

"నా కొడుకు చచ్చిండని రాస్తున్నవా పిల్లా?"

"చచ్చిండని కాదత్తమ్మా. లేడని."

"లేడంటే గదే కదా."

నేను కాదని ఎంత చెప్పినా ఆమెకు అదే. ఆమె తప్పేమున్నది. మన దిక్కు ఒక మనిషి పోయినా "ఆయన లేడు" అనే అంటం, బజారుకు పోయినా "ఇంట్ల లేడు" అనే అంటం. ఆ రెండిటి నడుమల ఉన్న లేడు నాది. నాలుగు రోజులు ఆమె నాతోటి మాట్లాడలే. మిర్చి పని కాడి నుంచి నేనొచ్చేసరికి పిల్లలకు వండి పెట్టి పక్కింటి అరుగు మీదికి పోయి కూసునేది. నాకు కోపమొచ్చింది, ఒక దినం గట్టిగనే అన్న: "నీ కొడుకును కాపాడుతున్నవు సరే, వాని పిల్లలను ఎవరు కాపాడాలె?" అన్నంక నాకే మంచిగనిపించలే.

అయిదో దినం మా బిడ్డ స్లేటు సంచి సర్దుకుంట, "నాయనమ్మా, నన్ను హాస్టల్ల ఏస్తరంట కదా" అన్నది. నేనెవరికీ చెప్పలే అనుకున్న మాట. వదినెతోటి అంటుంటే ఇన్నట్టుంది. అత్తమ్మ నన్ను చూసింది, తిట్టలే. పొద్దుగాల తలకు నూనె పెట్టుకొని, మంచి చీర కట్టుకొని, "ఏడెయ్యాలె ఏలుముద్ర" అని అడిగింది. పంచనామ రాసే ఆయన చదివి ఇనిపిస్తుంటే ఒక్క కాడ ఆపింది. "వదిలేసి పోయినాడు" అని రాసి ఉన్నది. "పోయి రాలేదు అని రాయి" అన్నది. ఆయన నన్ను చూసిండు. అట్లనే రాయమన్న. కిందికి "భార్యాపిల్లల పోషణ చూడటం లేదు" అని ఎట్లాగూ ఉన్నది.

ఆ పంచనామతోటి రేషన్ కార్డుల పేరు తీసేయడానికి పెట్టిన, ఆదాయం సర్టిఫికెట్‌కు మళ్ళ పెట్టిన. ఈసారి 60,000 వచ్చింది. ఇంతల పార్లమెంటు ఎలక్షన్లు, మే 13 పోలింగు, ఎవరికి వాళ్ళు డ్యూటీల మీద. జూన్ దాంక ఎవరినీ అడగలే.

బ్యాంకు ముచ్చట చెప్పకుంటే ఇది పూర్తి కాదు. ఏ బ్యాంకో చెప్ప, అన్నీ ఒక్కటే. పిల్లల పేరు మీద ఖాతా కావాలె, గార్డియన్‌గా నేను. కౌంటర్ల పిలగాడు ఫారం చూసి "తండ్రి సంతకం కావాలమ్మా" అన్నడు. తండ్రి లేనందుకే కదా ఖాతా తీసేది! రెండుసార్లు తిప్పిండు. మూడోసారి వకీలమ్మ చెప్పిన మాట కాయితం మీద రాసుకొని పోయిన: తల్లి గార్డియన్‌గా ఉండొచ్చని రిజర్వు బ్యాంకు ఎప్పుడో చెప్పింది, తండ్రి పట్టించుకోకుంటే తల్లే సహజ సంరక్షకురాలని 1999ల సుప్రీంకోర్టు కూడా చెప్పింది. మేనేజరు కాయితం తీసుకొని చదివి, ఏమనకుండ సంతకం పెట్టిండు. వాళ్ళకు తెల్వదని కాదు. అడిగేటోళ్ళు రారని.

బిడ్డ ఖాతా ఆ దినమే అయ్యింది. కొడుకుది ఆగింది. వానిది ఐదేండ్ల లోపల తీసిన నీలం ఆధార్, దాంట్ల ఏలిముద్రలు ఉండయి. ఐదు దాటినంక మళ్ళ ఏయించాలె, ఏడేండ్ల లోపల పోతే ఆ పనికి పైసలు తీసుకోరు. నాకు తెల్వక ఏయించలే. ఆధార్ సెంటర్ల వాని ఏళ్ళు మిషన్ల పడవు, చెమట. చొక్కాకు తుడిచి తుడిచి నాలుగోసారికి పడ్డయి.

ఇంటికి చూసిపోవడానికి జూలైల వచ్చిన్రు, ఒక సోషల్ వర్కరు, వెంట ఇంకొకాయన. నేను పొద్దుగాలనే ఇల్లు అలికి ముగ్గేసిన. తర్వాత ఆలోచన వచ్చింది, మరీ మంచిగుంటే ఇయ్యరేమోనని. నవ్వులాట కాదు, ఆ భయం అందరికీ ఉంటది. వాళ్ళు ఇల్లు చూడలే అంతగ. పిల్లలు ఏం తిన్నరు, ఎన్ని రోజులు బడికి పోయిన్రు, నోటు బుక్కులు ఏవి, ఇవి అడిగిన్రు. పిల్లలు తల్లి కాడనే ఉండి చదువుకోవాలె, గతి లేక హోముల్ల పడొద్దు, ఈ పైసలు అందుకే అని ఆ సోషల్ వర్కరు చెప్తుంటే నా బిడ్డ నా దిక్కు చూసింది. నేను పొయ్యి దిక్కు చూసిన.

బాలల సంక్షేమ సమితి ముంగట పిల్లలను తీసుకపోయిన దినం కూడా ఉన్నది. కోర్టు లెక్కుంటదనుకుంటే, బల్ల చుట్టూ కుర్చీలు, బిస్కెట్ పుడ. ఒక పెద్దమనిషి బిడ్డను అడిగిండు, "మీ బాపు ఏడున్నడు తల్లీ?" అని.

"బాపు భివండిల ఉంటడు సార్. మాకు ఉండడు."

వకీలు రాసిన అఫిడవిట్ రెండు పేజీలుంటది.

ఆ తర్వాత ఆమోద కమిటీల పెట్టుడు, ఎదురుచూసుడు. అక్కడ తొందరపెట్టడానికి ఏమీ లేదు. ఒకడు ఫోన్ చేసి ఐదు వేలిస్తే ఫైలు కదిలిస్తనన్నడు. నంబరు ఎట్ల దొరికిందో తెల్వదు, ఆ యాభై రూపాయల ఫారం మీద నేనే రాసిచ్చి ఉంట. ఆఫీసుల మేడంకు చెప్తే, "ఒక్క రూపాయి ఇయ్యకు, ఓటీపీ చెప్పకు" అన్నది. అర్హత ఉన్న పిల్లలు ఎక్కువ, మంజూరయ్యేటివి తక్కువ, అందుకనే ఇసొంటోళ్ళకు గిరాకీ. నాతోటి దరఖాస్తు పెట్టిన ఒక చెల్లెకు ఆ విడతల రాలే. ఆమె కాయితాలు నా కన్న మంచిగనే ఉన్నయి.

డిసెంబరుల ఒకనాడు మెషిన్ మీద జాకెట్ కుడుతుంటే మెసేజ్ వచ్చింది. బిడ్డ ఖాతాల 12,000, మూడు నెలలవి. కొడుకుది రాలే. మళ్ళ బ్యాంకు. ఖాతాకు ఆధార్ ఇచ్చుడు వేరే, సర్కారు పైసలు పడేటట్టు ఆ ఖాతాకు ఆధార్ సీడింగ్ అవుడు వేరే అని అప్పుడు తెలిసింది. రెండోదానికి వేరే ఫారం ఉంటది, అడిగి నింపాలె, అయ్యిందా లేదా ఆధార్ వెబ్‌సైటుల చూసుకోవచ్చు. కొడుకుది ఫిబ్రవరిల పడ్డది. ఫారం కొన్న నాటికి సరిగ్గ ఏడాది.

బిడ్డ పైసల్లోంచి ముందుగాల కొన్నది చెప్పులు, తర్వాత కంటి అద్దాలు. బోర్డు కనబడకనే ముందు బెంచీల కూసుంటున్నదని అప్పటిదాంక నాకు తెల్వదు, ఊకె ముందట కూసునేది కదా అని సంబురపడ్డ.

అత్తమ్మ ఒక్కటే అడిగింది. "వాడొస్తే ఈ పైసలు ఆగుతయా?"

"ఇంటి సంగతి మారితే చెప్పాలెనంట అత్తమ్మా. చూసి చెప్తరు."

కాసేపు ఏమనలే. తర్వాత పిల్లల పాస్‌బుక్కులు రెండూ తీసుకొని ట్రంకుపెట్టెల పెట్టింది, మామ నేసిన జంపఖానా మడతల కింద. బడి తెరిసినంక కొత్త బోనఫైడ్‌లు ఇయ్యాలె, పాస్‌బుక్కు జిరాక్స్ కూడా అడుగుతరు. అప్పుడు తాళం చెవి ఆమెనే అడగాలె.